హోటల్ స్టాఫ్ పని వేగం పెరగాలంటే ముందు వాళ్ల వెనకాల ఒకరోజు తిరగండి

హోటల్ మేనేజర్లు నలుగురు ఒకచోట చేరితే వచ్చే మాట ఒకటే, స్టాఫ్ ఒళ్లు వంచట్లేదని. నేనూ చాలా ఏళ్లు ఆ మాటే అన్నాను. హౌస్‌కీపింగ్, అంటే రూములు శుభ్రం చేసే విభాగంలో సూపర్‌వైజర్‌గా ఉన్న రోజుల్లో మధ్యాహ్నం రెండయ్యేసరికి రిసెప్షన్ నుంచి వరసగా ఫోన్లు, రూములు రెడీ కాలేదని, లాబీలో గెస్టులు బ్యాగులు ముందేసుకుని కూర్చున్నారని. నేను పై ఫ్లోర్‌కి వెళ్లి అరిచేవాణ్ని, వాళ్లు తల వంచుకుని వినేవాళ్లు, మర్నాడు మళ్లీ అదే కథ.

ఒకరోజు విసుగొచ్చి అరవడం మానేసి, రూములు సర్దే ఒక అటెండెంట్ వెనకాలే షిఫ్టంతా తిరిగాను, చేతిలో చిన్న నోట్‌బుక్కుతో. ఆమెకు ఆరోజు 14 రూములు. మూడో రూములోనే దిండు గలీబులు అయిపోయాయి. కారిడార్ ఆ చివర ఉన్న లినెన్ రూముకి, అంటే దుప్పట్లు, గలీబులు, టవల్స్ పెట్టే గదికి నడిచి వెళ్తే తాళం వేసి ఉంది. తాళం చెవి నా జేబులోనే ఉంది. మామూలు రోజుల్లో అయితే ఆమె నన్ను వెతుక్కుంటూ రెండు ఫ్లోర్లు దిగేది, నేను ఏ మీటింగులోనో ఉంటే బయట నిలబడేది, ఆ పది నిమిషాలూ ఆమె బద్ధకం ఖాతాలోకే వెళ్లేవి. ఆ షిఫ్టు పూర్తయ్యేసరికి సామాను కోసం ఆమె ఫ్లోర్ వదిలి వెళ్లింది తొమ్మిదిసార్లు. 8 గంటల డ్యూటీలో దాదాపు గంటన్నర నడకకీ, నిలబడటానికీ, అడగడానికీ పోయింది. చేతులు మాత్రం ఎక్కడా నెమ్మదించలేదు, ఆమె దుప్పటి పరిచే వేగం నాకు లేదు.

అందుకే ఈ రాసేదంతా జనాన్ని తొందరపెట్టడం గురించి కాదు, వాళ్లని ఆపుతున్న వాటిని తీసేయడం గురించి. హోటల్ అంటే ఇక్కడ భోజనం పెట్టే చోటు ఒక్కటే కాదు, రూములు, రిసెప్షన్, వంటగది అన్నీ ఉన్న హోటల్ అనుకోండి. నాకు బాగా తెలిసింది హౌస్‌కీపింగ్ కాబట్టి దాని మీదే ఎక్కువ రాస్తాను.

ముందు చూడండి, తర్వాతే మార్చండి

ఒక్కో డిపార్ట్‌మెంట్లో ఒక్కరి వెనకాల ఒక షిఫ్టు తిరగండి. కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి: పని, నడక, ఎదురుచూపు, చేసిన పనే మళ్లీ చేయడం. ఏ పనికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఉజ్జాయింపుగా రాస్తే చాలు, స్టాప్‌వాచ్ తీశారంటే అవతలి మనిషి బిగుసుకుపోతుంది. టొయోటా కార్ల కంపెనీలో ఇంజనీర్‌గా పనిచేసిన తైఇచి ఓనో రాసిన ఏడు రకాల వృథాల్లో అనవసరపు కదలిక, ఎదురుచూపు, తప్పు సరిదిద్దుకోవడం మూడూ ఉన్నాయి. కార్ల ఫ్యాక్టరీ లెక్క హోటల్‌కి ఏం పనికొస్తుందని నేనూ అనుకున్నాను గానీ, నా నోట్‌బుక్ నిండింది ఆ మూడింటితోనే.

రెండు జాగ్రత్తలు. ఎందుకు తిరుగుతున్నారో ముందే చెప్పండి, "నీ తప్పులు పట్టడానికి కాదమ్మా, నీకు ఏం అడ్డం వస్తోందో చూడ్డానికి" అని. ఆ కాగితం చూపించి మర్నాడు ఎవరినైనా మందలించారో, ఇక జన్మలో మీకు నిజం కనపడనివ్వరు. ఇంకోటి, పక్కన మేనేజర్ ఉంటే ఎవరైనా కాస్త చురుగ్గానే చేస్తారు, కాబట్టి ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకండి, ఇద్దరు ముగ్గురి వెనకాల తిరిగాక మాట్లాడండి.

ట్రాలీ, లినెన్: సగం జబ్బు ఇక్కడే

స్టాఫ్ నెమ్మది అని మీరనుకునే చోట్ల చాలావరకు అసలు కొరత దుప్పట్లది. లినెన్‌కి 'పార్' అనే లెక్క ఉంటుంది. హోటల్లోని రూములన్నిటికీ ఒకసారి పరవడానికి సరిపోయే సెట్టు ఒక పార్. కనీసం మూడు పార్లు ఉండాలి, ఒకటి మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి అలమరలో. లాండ్రీ బయటికి పంపే హోటళ్లకి నాలుగైనా కావాలి. 60 రూములు, రూముకి రెండు దుప్పట్లు అనుకుంటే ఒక పార్ 120, మూడు పార్లు 360. మీ దగ్గర లెక్కపెడితే చిరిగినవి, మరకలు పడ్డవి తీసేశాక 250 తేలాయనుకోండి, హోటల్ నిండిన రోజు స్టాఫ్‌ని ఎంత పరిగెత్తించినా దుప్పటి డ్రయర్లోంచి బయటికొచ్చేదాకా రూము రెడీ కాదు. కొత్త మనిషిని తీసుకునే ముందు ఒకసారి దుప్పట్లు లెక్కపెట్టండి, మనిషి జీతం కంటే దుప్పట్లే చవక.

ట్రాలీ పొద్దున కాదు, ముందురోజు షిఫ్టు దిగేముందే నింపాలి. పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి లినెన్ రూము ముందు గుమిగూడితే మొదటి అరగంట కబుర్లకే సరిపోతుంది, వాళ్ల తప్పేం లేదు, అంతమంది ఆ చిన్న గుమ్మంలోంచి ఒకేసారి వెళ్లలేరు. ఏ అరలో ఏది ఎన్ని ఉండాలో ఫోటో తీసి ట్రాలీకి అంటించండి, బరువైనవి కింద, చిల్లరవి పైన. రిమోట్ బ్యాటరీలు, ఒకట్రెండు బల్బులు కూడా అందులోనే పెట్టండి. బల్బు పోయిందని అటెండెంట్ సూపర్‌వైజర్‌కి, సూపర్‌వైజర్ రిసెప్షన్‌కి, రిసెప్షన్ మెయింటెనెన్స్‌కి చెప్పి, ఆయన నిచ్చెన పట్టుకుని వచ్చేసరికి గెస్టే వచ్చేస్తాడు. చేతికందే టేబుల్ ల్యాంప్ బల్బు ఎవరైనా మార్చగలరు, స్విచ్ ఆపి చల్లారాక మార్చమని ఒక్కసారి చూపిస్తే చాలు. వైరింగ్ జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

లినెన్ రూము తాళం చెవి ఫ్లోర్ మీద ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి. దొంగతనం భయమైతే సరుకు ఇచ్చేటప్పుడు రిజిస్టర్‌లో రాయించుకోండి, వారానికోసారి లెక్క చూడండి. నాలుగు టవల్స్ పోతాయేమోనని రోజూ అందరి పనీ గంటసేపు ఆపేయడం ఏం లెక్కో నాకిప్పటికీ అర్థం కాదు, ఆ లెక్క వేసింది నేనే అయినా.

రూము లోపల వరస

అందరూ ఒకే వరసలో చేస్తే వేగం దానంతటదే వస్తుంది. తలుపు తట్టి, ఎవరో చెప్పి, లోపలికి వెళ్లగానే కర్టెన్లు తీయాలి, లైట్లన్నీ వేసి చూసుకోవాలి, ఏది పాడైందో అక్కడే తెలిసిపోతుంది. తర్వాత చెత్త తీసి, వెంటనే బాత్రూంలోకి వెళ్లి కమోడ్‌లోనూ సింక్‌లోనూ మందు కొట్టి వదిలేయాలి. ఇది చాలామంది చివరికి పెట్టుకుంటారు, అక్కడే టైమ్ పోతుంది. క్రిములు చంపే మందు తడిగా కొన్ని నిమిషాలు అలా ఉంటేనే పనిచేస్తుంది, ఎన్ని నిమిషాలో ఆ సీసా మీదే రాసి ఉంటుంది. అది అక్కడ నానుతుంటే మీరు ఇక్కడ మంచం విప్పి, కొత్త దుప్పటి వేసి, దుమ్ము పైనుంచి కిందికి తుడిచి వస్తే, బాత్రూంలో రుద్దే కష్టం సగం తగ్గుతుంది. వాక్యూమ్ చిట్టచివర, లోపలి మూల నుంచి తలుపు వైపు వెనక్కి నడుస్తూ. గది చుట్టూ ఒకే దిక్కున తిరగాలి, లేకపోతే ఏదో ఒక సొరుగు తప్పకుండా మర్చిపోతారు.

ఒక హెచ్చరిక. త్వరగా తెల్లబడుతుందని బ్లీచింగ్‌నీ యాసిడ్ క్లీనర్‌నీ కలిపే వాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. సీసాల రంగులు వేరుగా పెట్టి, ఈ ఒక్క విషయం చేరిన మొదటి రోజే చెప్పండి.

పెద్ద మంచాలు ఇద్దరు కలిసి వేస్తే నడుము మిగులుతుంది. నడుము పట్టేసి మూడు రోజులు సెలవు పెట్టిన మనిషి ఆ వారం ఎన్ని రూములు చేసినట్టో లెక్క వేసుకోండి.

14 రూములు అంటే ఎన్ని గంటలు?

చాలా హోటళ్లలో 8 గంటల షిఫ్టుకి మనిషికి 12 నుంచి 16 రూముల దాకా ఇస్తారు. సంఖ్య ఒకటే అయినా పని ఒకటి కాదు. గెస్టు ఇంకా ఉన్న రూముకి (స్టే ఓవర్) 20 నిమిషాలు చాలు, ఖాళీ చేసి వెళ్లిన రూముకి (చెక్ అవుట్) 35 నిమిషాలు పడుతుందనుకోండి. ఒకరికి 14 స్టే ఓవర్ రూములు పడితే 280 నిమిషాలు, అంటే ఐదు గంటలు కూడా కాదు. పక్కామెకి 14 చెక్ అవుట్ రూములు పడితే 490 నిమిషాలు. షిఫ్టే 480. భోజనం మానేసి, నీళ్లు కూడా తాగకుండా చేసినా అవ్వదు. రెండోవారం నుంచి ఆమె నెమ్మదిస్తుంది, ఎందుకు నెమ్మదించదు? తొందరగా ముగించిన వాళ్లకే ఇంకో రెండు రూములు అంటగట్టే అలవాటు మీకుంటే, మొదటామె కూడా నెమ్మదిస్తుంది.

దీనికి పాయింట్ల పద్ధతి పెట్టండి. స్టే ఓవర్‌కి ఒకటి, చెక్ అవుట్‌కి ఒకటిన్నర లేదా రెండు, హాలు కూడా ఉండే పెద్ద రూముకి, అంటే సూట్‌కి మూడు. మీ రూముల సైజుని బట్టి మీరే కట్టుకోవాలి, వేరే హోటల్ లెక్క తెచ్చి పెడితే కుదరదు. రోజూ అందరికీ పాయింట్లు సమానంగా పంచండి, వీలైనంతవరకు ఒకే ఫ్లోర్‌లో, పక్కపక్క రూములు. మూడు ఫ్లోర్లలో చెదురుమదురుగా ఇచ్చారంటే, ట్రాలీతో లిఫ్ట్ ముందు నిలబడటమే ఒక ఉద్యోగం అయిపోతుంది.

రిసెప్షన్‌కీ ఫ్లోర్‌కీ మధ్య పోయే టైమ్

రూము ఖాళీ అయిందని రిసెప్షన్‌కి తెలుసు, ఫ్లోర్‌కి తెలియదు. రూము రెడీ అయిందని ఫ్లోర్‌కి తెలుసు, రిసెప్షన్‌కి తెలియదు. చాలా హోటళ్ల గోల ఇంతే. సాఫ్ట్‌వేర్ ఉంటే అటెండెంట్ ఫోన్లోంచే స్టేటస్ మార్చే వీలు ఇవ్వండి, సూపర్‌వైజర్ కంప్యూటర్ దగ్గరికి వచ్చి సాయంత్రం ఎక్కించడం కాదు. చిన్న హోటల్ అయితే వాట్సాప్ గ్రూప్ సరిపోతుంది, ఒక్క షరతు మీద: రూము నంబరు, స్టేటస్ తప్ప అందులో ఇంకేమీ రాకూడదు. గుడ్ మార్నింగ్ పూల బొమ్మల కింద "305 రెడీ" అనే మెసేజ్ పూడిపోవడం నేను కళ్లారా చూశాను. పూలకి వేరే గ్రూప్ పెట్టుకోండి.

పొద్దున్నే రిసెప్షన్ ఒక కాగితం ఇవ్వాలి: ఈరోజు ఎవరు ఖాళీ చేస్తున్నారు, ఎవరు తొందరగా వస్తున్నారు, ఏ రూము ముందు కావాలి. డీఎన్‌డీ, అంటే డిస్టర్బ్ చేయొద్దనే బోర్డు తగిలించిన రూములకి ఫలానా టైముకి రిసెప్షనే ఫోన్ చేసి కనుక్కోవాలని ఖరారు చేసుకోండి, అటెండెంట్ ఆ తలుపు ముందు నాలుగుసార్లు తచ్చాడే పని తప్పుతుంది.

రిసెప్షన్‌లో రద్దీ రోజంతా ఉండదు, చెక్ ఇన్ టైముకి ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ గంటలో చేయక్కర్లేని పనులన్నీ ముందే చేసుకోవడమే కిటుకు, రాబోయే గెస్టుల వివరాలు ముందే ఎక్కించి, గ్రూపు వస్తుంటే కీ కార్డులు కవర్లలో పెట్టేసుకుని సిద్ధంగా ఉండటం లాంటివి.

"సార్‌ని అడిగి చెప్తాను"

ఈ ఒక్క వాక్యం రోజుకి ఎన్నిసార్లు వినపడుతోందో లెక్కపెట్టండి. గంట ఆలస్యంగా ఖాళీ చేస్తానంటే సార్‌ని అడగాలి, ఏసీ పనిచేయక రూము మార్చాలంటే సార్‌ని అడగాలి. ఆ సార్ ఫోన్ ఎత్తేదాకా గెస్టు, రిసెప్షనిస్టు, వెనక లైన్లో ఉన్నవాళ్లు అందరూ నిలబడే ఉంటారు. రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లలో గెస్టు సమస్య తీర్చడానికి ఉద్యోగి ఎవరైనా పైవాళ్లని అడగకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టొచ్చనే నియమం ఈ రంగంలో అందరూ చెప్పుకునేదే. మీరు అంత ఇవ్వక్కర్లేదు. రూములు ఖాళీగా ఉంటే రెండు గంటల లేట్ చెక్ అవుట్, అదే రకం రూముకి మార్పు, బిల్లులో చిన్న తగ్గింపు, ఈ మూడూ రిసెప్షన్ చేతికి వదిలేసి, ఎందుకు ఇచ్చారో లాగ్ బుక్‌లో ఒక్క ముక్క రాయమనండి. మొదట్లో అప్పుడప్పుడు పొరపాట్లు చేస్తారు. చేయనివ్వండి.

షిఫ్ట్ మొదట్లో పది నిమిషాల బ్రీఫింగ్ కూడా ఇలా అడగాల్సిన పని తగ్గడానికే. ఈరోజు ఎన్ని రూములు, ఏ ఫంక్షన్ ఉంది, ఏ లిఫ్ట్ పనిచేయట్లేదు, నిన్న ఏ కంప్లైంట్ వచ్చింది. నిలబడే మాట్లాడాలి, పది దాటకూడదు. నిన్నటి కంప్లైంట్ చెప్పేటప్పుడు పేరు తీయకండి.

వంటగది, సర్వీసు

వంటగదిలో వేగమంతా ముందు తయారీలోనే ఉంది. ఫ్రెంచ్ వాళ్లు మీజాన్‌ప్లాస్ అంటారు, అన్నీ తరిగి, కొలిచి, చేతికందేలా పెట్టుకోవడం. 1890లలో లండన్ సవోయ్ హోటల్లో వంటగది చూసిన ఫ్రెంచ్ షెఫ్ ఎస్కోఫియే, పనిని విభాగాలుగా విడగొట్టి ఒక్కో విభాగానికి ఒక్కో బాధ్యుణ్ని పెట్టే పద్ధతికి రూపం ఇచ్చాడు, ఇప్పటికీ పెద్ద హోటళ్ల వంటగదులు దాదాపు ఆ లెక్కలోనే నడుస్తున్నాయి. చిన్న వంటగదిలో అన్ని విభాగాలు పెట్టలేం, కానీ ఏ వంటవాడూ రష్ టైములో తన చోటు వదిలి స్టోర్ రూముకి వెళ్లకూడదనే నియమం మాత్రం పెట్టొచ్చు. వెళ్తున్నాడంటే తయారీలో ఏదో తగ్గినట్టు, దాన్ని రాసుకుని మర్నాడు సరిచేయండి.

సర్వీసు వైపు ఒక్కటే చెప్తాను, ఖాళీ చేతులతో నడవకూడదు. లోపలికి వెళ్లేటప్పుడు ఖాళీ ప్లేట్లు, బయటికి వచ్చేటప్పుడు సిద్ధమైన ఆర్డరు. చెంచాలు, టిష్యూలు, నీళ్లు డైనింగ్ హాల్లోనే ఒక సైడ్ టేబుల్ మీద ఉండాలి. కేఓటీ, అంటే వంటగదికి పంపే ఆర్డరు చీటీ చేత్తో రాస్తుంటే చదవగలిగేలా రాయమనండి, వంటగదిలోంచి "ఇదేంట్రా, ఆరా తొమ్మిదా?" అనే కేక వినపడిందంటే ఒక ఆర్డరు రెండుసార్లు వండినట్టే.

రోస్టర్

రోస్టర్ అంటే ఎవరు ఏ టైముకి డ్యూటీకి రావాలో రాసే పట్టిక, ఇందులో తప్పు మేనేజర్లది. గెస్టులు పదకొండు, పన్నెండుకి ఖాళీ చేస్తుంటే హౌస్‌కీపింగ్ మొత్తాన్నీ ఏడింటికే రప్పించి ఏం చేస్తారు? కొంతమందిని ఏడింటికి, మిగతావాళ్లని తొమ్మిదికో పదికో రమ్మంటే, అసలు పని మీద పడే టైముకి తాజా చేతులు ఉంటాయి. బుకింగుల లిస్టు ముందే చేతిలో ఉంటుంది కాబట్టి రాబోయే వారం ఏ రోజు నిండుతుందో చూసి వీక్లీ ఆఫ్‌లు వేయండి.

రోస్టర్ కనీసం వారం ముందు గోడ మీద ఉండాలి. రాత్రి పదింటికి ఫోన్ చేసి "రేపు మార్నింగ్ రా" అంటే ఆ మనిషి వస్తాడు, మనసు మాత్రం రాదు. ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు, హోటళ్లు, రెస్టారెంట్లలో పని పరిస్థితుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1991లో చేసిన 172వ ఒడంబడికలోనే ఉంది, ఇల్లూ కుటుంబం చూసుకునే వీలుండేలా డ్యూటీ వేళలు వీలైనంతవరకు తగినంత ముందుగా చెప్పాలని. టిప్పులు వస్తాయి కదా అని మూల జీతం ఎగ్గొట్టకూడదని కూడా అందులోనే ఉంది. ఈవెనింగ్ షిఫ్ట్ దిగి మర్నాడు పొద్దున్నే ఎక్కే డ్యూటీలు వేశారంటే మీరు కొనుక్కుంటున్నది నిద్ర లేని మనిషిని.

ఏం కొలవాలి, ఏం కొలవకూడదు

ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి రోజుకి ఒక్క అంకె చాలు. నిన్న 50 రూముల్లో గెస్టులున్నారు, హౌస్‌కీపింగ్ మొత్తం 40 గంటలు పనిచేసింది, అంటే రూముకి 0.8 గంట. రెస్టారెంట్లో 240 మంది తిన్నారు, సర్వీసు వాళ్లు మొత్తం 60 గంటలు చేశారు, గంటకి నలుగురు. రెండు నెలలు రాస్తే మీ హోటల్ మామూలు లెక్క ఎంతో తెలుస్తుంది, పక్క హోటల్‌తో పోలిక అక్కర్లేదు. దాని పక్కనే కంప్లైంట్లు, తిరగచేసిన రూములు కూడా రాయండి, రూముకి పట్టే టైమ్ తగ్గి కంప్లైంట్లు పెరిగాయంటే వేగం పెరగలేదు, పని ఎగ్గొట్టారు.

మనిషి మనిషికీ ర్యాంకులు కట్టి గోడకి అంటించకండి. రూముకింత అని బోనస్ పెట్టడం ఇంకా ప్రమాదం, గెస్టు వాడేసిన టవల్‌తోనే గ్లాసులు తుడిచి పెట్టే రోజు దగ్గర్లోనే ఉంటుంది. ఇవ్వాలనుకుంటే ఫ్లోర్ మొత్తానికి కలిపి ఇవ్వండి.

తనిఖీలో కూడా బోలెడు టైమ్ పోతుంది. అందరి రూములూ ఒకేలా చూడటం మానేసి, రెండు మూడు నెలలుగా తప్పు దొరకని వాళ్లకి తమ రూము తామే రెడీ అని ప్రకటించే అధికారం ఇవ్వండి, వాళ్లవి అప్పుడప్పుడు ఒకటీ అరా చూస్తే చాలు. ఆ మిగిలిన టైమ్ కొత్తవాళ్ల పక్కన గడపొచ్చు. కొత్తవాళ్లని ఖాళీగా ఉన్నారు కదా అని ఎవరికో ఒకరికి అంటగట్టకుండా, నేర్పడం వచ్చిన మనిషికి అప్పగించండి, ఆ రోజుల్లో ఆమె పాయింట్లు తగ్గించడం మాత్రం మర్చిపోకండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ఒక్క ఫ్లోర్‌లో రెండు వారాలు చేసి చూడండి. నేను ముందు లినెన్ రూము తాళం చెవి ఫ్లోర్‌కి ఇచ్చేశాను, తర్వాత ట్రాలీలు, ఆ తర్వాత పాయింట్లు. రెండు వారాలయ్యాక ఆ అటెండెంట్‌నే అడిగాను, ఇంకేమైనా అడ్డం వస్తోందా అని. కాసేపు మొహమాటపడి, "ట్రాలీ ఎడమ పక్కకి లాగేస్తోంది సార్, ముందు చక్రం అరిగిపోయింది, రోజంతా నెట్టేసరికి భుజం పట్టేస్తోంది" అంది. ఎన్నాళ్ల నుంచి అన్నాను. వర్షాకాలం ముందు నుంచి అంది. ఎవరికైనా చెప్పావా అంటే నావైపు చూసి ఊరుకుంది. ఆ సాయంత్రమే మెయింటెనెన్స్ ఆయన వచ్చి చక్రం మార్చి వెళ్లాడు.